మొదటి రౌండ్ పోయినా లేవకండి: మ్యాజిక్ అరీనాలో టోర్నమెంట్ ఆడేవాళ్లకు

రాత్రి పదకొండున్నరకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు భీమవరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. “అత్తా, మొదటి రౌండే పోయింది. డ్రాప్ కొట్టేసి, పోటీలోంచి తప్పుకుని పడుకుంటా” అన్నాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

“ఆ బటన్ జోలికి వెళ్లకు. ఎంతమంది ఆడుతున్నారు, ఎన్ని రౌండ్లు?” అని అడిగాను.

“నలభై మంది. ఆరు రౌండ్లు.”

“అయితే ఇంకా దారి ఉంది. మంచినీళ్లు తాగి కూర్చో.”

మ్యాజిక్ అరీనా అనే ఈ కార్డుల ఆట నాకు నేర్పింది వాడే. మూడేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో వేసి ఇచ్చాడు. టోర్నమెంట్ ఎలా నడుస్తుందో మాత్రం వాడికి నేనే చెప్పాను, ఎందుకంటే స్కూల్లో ఉన్నప్పుడు జిల్లా స్థాయి చదరంగం పోటీలు ఆడినదాన్ని. కార్డులు వేరు, బల్ల వేరు, కానీ జతలు కట్టే లెక్క ఒక్కటే. ఆ లెక్క తెలియకపోవడం వల్లే చాలామంది కొత్తవాళ్లు గెలవగలిగే పోటీలోంచి మధ్యలో లేచిపోతున్నారు. అందుకే వాడికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఏ పోటీ ఏ రకమో

మ్యాజిక్ ది గ్యాదరింగ్ 1993లో కాగితం కార్డులతో మొదలైంది. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల మనిషి తయారుచేసిన ఆట. కంప్యూటర్లో ఆడుకోవడానికి 2002 నుంచి మ్యాజిక్ ఆన్‌లైన్ ఉంది, అందులో కార్డులు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. నేను ఆడేది దాని తర్వాత వచ్చిన మ్యాజిక్ అరీనా. ఇందులో మార్చుకోవడం లేదు, ఎవరి కార్డులు వాళ్లవే. కంప్యూటర్లోనూ ఫోన్లోనూ నడుస్తుంది, ఊరికే దింపుకోవచ్చు.

అరీనా తెరవగానే ‘ఈవెంట్లు’ అని కనిపించేవి, మామూలుగా మనం టోర్నమెంట్ అనుకునేవి కావు. వాటిలో రౌండ్లు ఉండవు, మొదలయ్యే టైమ్ ఉండదు. ఉదాహరణకి ప్రీమియర్ డ్రాఫ్ట్. 1,500 జెమ్స్ గానీ 10,000 గోల్డ్ గానీ (రెండూ ఆట లోపల చెల్లే నాణేలు) కట్టి చేరతారు, వచ్చిన ప్యాకెట్లలోంచి ఒక్కొక్క కార్డు ఏరుకుని 40 కార్డుల డెక్, అంటే ఆడటానికి వాడే కట్ట, కట్టుకుంటారు. 7 గెలుపులో 3 ఓటములో, ఏది ముందొస్తే అక్కడితో మీ పరుగు ఆగుతుంది. ఇవాళ రెండు ఆటలు, రేపు రెండు ఆటలు ఆడినా అడిగేవాళ్లు లేరు. నేను ఆడిన రోజుల్లో 3 గెలిస్తే 1,000 జెమ్స్, 4 గెలిస్తే 1,400, 5 గెలిస్తే 1,600 వచ్చేవి. అంటే కట్టింది తిరిగి రావాలంటే అయిదు గెలవాలి. రోజువారీ పనులు చేస్తే ఊరికే వచ్చే గోల్డ్‌తోనే చేరండి. చేతి డబ్బు పెట్టి జెమ్స్ కొని డ్రాఫ్టులు ఆడటం మొదలుపెడితే నెలాఖరుకి ఎంతయిందో చూసుకోవడానికి భయమేస్తుంది. నేను రైస్ మిల్లులో అకౌంట్లు రాస్తాను, ఈ ఒక్క మాట వినండి.

రెండో రకం, అసలు టోర్నమెంట్. బయటివాళ్లు నిర్వహిస్తారు. మెలీ లాంటి వెబ్‌సైట్లో పేరు నమోదు, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మాటామంతీ, ఆట మాత్రం అరీనాలో. ఇందులో అందరూ ఒకే గంటకి మొదలుపెడతారు, రౌండ్ రౌండుకీ జత మారుతుంది, చివరికి ఒకరు గెలుస్తారు. ఈ వ్యాసం దీని గురించే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. డబ్బు కట్టి, గెలిస్తే డబ్బు తీసుకునే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ప్రవేశ రుసుము లేని పోటీలు బోలెడు ఉన్నాయి. నేను వాటిలోనే ఆడతాను, మా వాణ్ణీ వాటిలోనే ఆడనిస్తాను.

పేరు ఇచ్చే ముందు డెక్ సంగతి

కన్‌స్ట్రక్టెడ్ టోర్నమెంట్లో, అంటే మన దగ్గరున్న కార్డులతో ముందే డెక్ కట్టుకుని వచ్చే పోటీలో, డెక్ కనీసం 60 కార్డులు, పక్కన సైడ్‌బోర్డ్ 15 వరకు. మామూలు ల్యాండ్‌లు (మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చే కార్డులు) తప్ప ఏ కార్డయినా రెండూ కలిపి నాలుగుకి మించకూడదు. ప్రతి రౌండూ మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లది. మొదటి ఆట అసలు డెక్‌తో, ఆ తర్వాత ఎదుటివాళ్ల డెక్‌ని బట్టి సైడ్‌బోర్డ్‌లోంచి కార్డులు మార్చుకోవచ్చు.

ర్యాంకుల నిచ్చెన మీద ఒక్క ఆట పద్ధతిలో ఆడి వచ్చినవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. ఒక్క ఆట పద్ధతిలో అరీనా మనకి తెలియకుండా ఒక సాయం చేస్తుంది. మొదటి ఏడు కార్డులూ పంచేటప్పుడు లోపల ఒకటికి మించి చేతులు, అంటే ఏడేసి కార్డుల జట్లు, తీసి చూసి, ల్యాండ్‌లు మీ డెక్ పాళ్లకి దగ్గరగా ఉన్న చేతిని ఇస్తుంది. మూడు ఆటల పద్ధతిలో ఆ సాయం లేదు, కలిపిన కలుపుడుకి ఏదొస్తే అదే. మా మేనల్లుడి డెక్‌లో 21 ల్యాండ్‌లు ఉండేవి, నిచ్చెన మీద హాయిగా నడిచేది. మొట్టమొదటి టోర్నమెంట్లో రెండు ల్యాండ్‌ల దగ్గర ఇరుక్కుపోయి మూడు రౌండ్లు పోగొట్టుకున్నాడు. “ఇవాళ నా అదృష్టం బాలేదత్తా” అన్నాడు. అదృష్టం కాదు, పాళ్లు. ఇంకో మూడు ల్యాండ్‌లు పెట్టించాను. మీరు కూడా వారం ముందు నుంచి మూడు ఆటల పద్ధతిలోనే సాధన చెయ్యండి, డెక్ అసలు రంగు అప్పుడు తెలుస్తుంది.

తర్వాత డెక్ లిస్టు. అరీనాలో డెక్ తెరిచి ఎక్స్‌పోర్ట్ నొక్కితే కార్డుల పేర్లన్నీ కాపీ అవుతాయి. వాటిని టోర్నమెంట్ పేజీలో అతికించి సమర్పించాలి. గడువు దాటాక ఒక్క కార్డు కూడా మార్చడానికి లేదు. నాకు దీనితో ఒకసారి బాగా దెబ్బ తగిలింది. లిస్టు ఇచ్చేశాక, సాయంత్రం సాధనలో ఒక కార్డు తీసి ఇంకోటి పెట్టాను. వెనక్కి మార్చడం మర్చిపోయాను. రెండో రౌండ్‌లో ఎదుటాయన నా లిస్టు చూసుకుంటూ ఆడుతున్నాడు, లేని కార్డు బల్ల మీద పడగానే జడ్జిని పిలిచాడు. ఆ ఆట నేను ఓడినట్టు రాశారు. న్యాయమే. అప్పటినుంచి లిస్టు ఇవ్వగానే ఆ డెక్‌కి ఇంకో కాపీ తీసి, ‘శనివారం – ముట్టుకోవద్దు’ అని పేరు పెడుతున్నాను. ప్రయోగాలన్నీ పాత కాపీ మీదే.

టైమ్

మన దేశంలో ఆడేవాళ్లకి ఎదుటి డెక్ కన్నా పెద్ద శత్రువు గడియారం. అమెరికా పడమటి తీరంలో ఉదయం 9 అని ప్రకటన ఉంటే, వేసవిలో మనకి రాత్రి 9:30. చలికాలంలో 10:30. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మనకి ఆ అలవాటు లేదు కాబట్టి తోచదు. ఓ మార్చిలో నేను ఎప్పట్లాగే 10:30కి వంటిల్లు సర్దుకుని వచ్చి కూర్చుంటే, రెండో రౌండ్ మొదలవుతోంది. చెక్ ఇన్ చెయ్యలేదని నా పేరు తీసేశారు. నెలంతా కట్టుకున్న డెక్. ఇప్పుడు పేజీలో కనపడే టైమ్‌ని నమ్ముకోకుండా ముందురోజే మన టైమ్‌లోకి మార్చి క్యాలెండర్ మీద రాసి పెడుతున్నాను.

చెక్ ఇన్ అంటే ‘నేను వచ్చాను’ అని చెప్పడం. పేరు నమోదు చేస్తే సరిపోదు, మొదలయ్యే ముందు ఆ బటన్ నొక్కాల్సిందే.

రౌండ్‌కి 50 నిమిషాలు. నడుమ విరామం కలుపుకుంటే ఆరు రౌండ్లు దాదాపు అయిదున్నర గంటలు. రాత్రి 10:30కి మొదలైతే ఈ రౌండ్లు అయ్యేసరికి తెల్లవారుజాము నాలుగు. ఆపైన మొదటి ఎనిమిది మందికి జరిగే నాకౌట్, అదే టాప్ 8, ఆడితే పాలవాడు వచ్చే వేళ. మధ్యాహ్నం రెండు గంటలు పడుకోండి. పెరుగన్నం లాంటిది తినండి, బిర్యానీ తిని కూర్చుంటే మూడో రౌండ్‌కి కళ్లు మూతలు పడతాయి. వైఫై పెట్టె ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. కరెంటు పోయినా అరీనా మళ్లీ తెరిస్తే అదే ఆటలోకి తీసుకెళ్తుంది, కానీ ఆలోపు మీ టైమ్ కాలిపోతూనే ఉంటుంది.

స్విస్ లెక్క

ఈ టోర్నమెంట్లలో జతలు కట్టే పద్ధతి పేరు స్విస్. 1895లో జ్యూరిక్‌లో జరిగిన చదరంగం పోటీలో మొదట వాడారు కాబట్టి అలా అంటారు. సూత్రం చిన్నది. ఓడినవాళ్లని ఇంటికి పంపరు. ప్రతి రౌండ్‌లోనూ మీతో సమానంగా, లేదా దగ్గరగా పాయింట్లున్న వాళ్లతో జత కడతారు. ఒకసారి ఆడినవాళ్లతో మళ్లీ ఆడించరు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. బేసి సంఖ్యలో ఉంటే ఒకరికి బై ఇస్తారు, వాళ్లకి ఆడకుండానే 3.

రౌండ్లు ఎన్నంటే, ఓటమి లేనివాళ్లు ఒక్కరే మిగిలేదాకా. ప్రతి రౌండ్‌కీ వాళ్లు సగమవుతారు కదా. 32 మందికి 5 రౌండ్లు, 64 వరకు 6, 128 వరకు 7.

ఇప్పుడు మా వాడి సంగతికి వద్దాం. నలభై మంది, ఆరు రౌండ్లు, పైన ఎనిమిది మంది నాకౌట్‌కి వెళ్తారు. సుమారుగా లెక్క వేస్తే ఆరుకి ఆరు గెలిచేది ఒక్కరు, లేదా అదీ ఉండరు. అయిదు గెలిచి ఒకటి ఓడేవాళ్లు ముగ్గురో నలుగురో. నాలుగు గెలిచి రెండు ఓడేవాళ్లు తొమ్మిది మంది దాకా. అంటే ఒక ఓటమితో ముగిస్తే ఖాయంగా లోపలే. రెండు ఓటములతో ముగించినవాళ్లలో ముగ్గురో నలుగురో లోపల, మిగిలినవాళ్లు బయట. మొదటి రౌండ్ ఓడితే ఏమీ మునిగిపోలేదన్నది అందుకే.

కోనేరు హంపి గుర్తుంది కదా. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్‌షిప్, 11 రౌండ్ల స్విస్. హంపి మొదటి రౌండ్ ఓడిపోయింది. చివరికి 8.5 పాయింట్లతో చాంపియన్ అయింది. ఆ రాత్రి ఫోన్లో మా వాడికి ఇదే చెప్పాను.

టైబ్రేకర్: నేను తొమ్మిదో స్థానంలో ఆగిపోయిన రోజు

రెండు ఓటములవాళ్లలో ఎవరు లోపల, ఎవరు బయట? ముందు చూసేది మీరు ఆడిన ప్రత్యర్థుల గెలుపు శాతం. బలమైనవాళ్లతో ఆడి పాయింట్లు తెచ్చుకున్నవాళ్లకి విలువ ఎక్కువ అన్నమాట. అదీ సమానమైతే మీరు గెలిచిన ఆటల శాతం, ఆపైన ప్రత్యర్థులు గెలిచిన ఆటల శాతం. అందుకని 0–2తో ఓడటం కన్నా 1–2తో ఓడటం మేలు. పోయిందనుకున్న మ్యాచ్‌లో కూడా ఒక ఆట కోసం పోరాడండి.

నా లెక్క కాగితం ఇంకా దాచుకున్నాను. నేను కూడా నాలుగు గెలిచి రెండు ఓడాను. ఒక్కో ప్రత్యర్థి పాయింట్లని, వాళ్లు ఆడిన రౌండ్లకి రాగల గరిష్ఠ పాయింట్లతో భాగించాలి. మొదటి రౌండ్‌లో నన్ను ఓడించినామె చివరికి 15 పాయింట్లు తెచ్చుకుంది. 18కి 15, అంటే 83.3 శాతం. మూడు, నాలుగు, ఆరు రౌండ్లలో నేను గెలిచిన ముగ్గురూ తలా 9 పాయింట్లు, 50 శాతం చొప్పున. అయిదో రౌండ్‌లో నన్ను ఓడించినాయన 12 పాయింట్లు, 66.7.

ఇక రెండో రౌండ్. నా చేతిలో ఓడి, రెండు ఓటములు కాగానే ఆయన డ్రాప్ అయిపోయాడు. ఆడిన రెండింటికీ సున్నా. ఎవరి శాతమైనా 33కి తగ్గించి లెక్కించరు కాబట్టి 33 వేశారు. మొత్తం కూడి ఆరుతో భాగిస్తే 55.5. ఎనిమిదో స్థానంలో ఉన్నవాళ్లకి 57.1.

ఆయన ఉండి, మిగిలిన నాలుగు రౌండ్లలో మూడు గెలిచి ఉంటే ఆ 33 కాస్తా 50 అయ్యేది, నాది 58.3. నేను లోపల ఉండేదాన్ని. ఆయన్ని తిట్టుకోవడం లేదు, డ్రాప్ అవడం నియమాల ప్రకారం తప్పు కాదు. కానీ మన ఒక్కరి పాయింట్లే కాదు, మనతో ఆడినవాళ్ల లెక్క కూడా మన చేతిలో ఉంటుందని ఆ కాగితం చూశాకే నాకు మనసుకెక్కింది. ఆరోగ్యం బాలేకనో, పొద్దున్నే డ్యూటీ ఉండో వెళ్లాల్సి వస్తే వెళ్లండి, చెప్పి వెళ్లండి. ఓడామన్న ఉక్రోషంతో మాత్రం వెళ్లకండి.

ఇందులోంచే ఇంకో సంగతి. మొదట్లో ఓడితే ఆ తర్వాత వచ్చే ప్రత్యర్థులూ ఓడినవాళ్లే, కాబట్టి టైబ్రేకర్ నీరసంగా ఉంటుంది. చివర్లో ఓడినవాళ్లది బలంగా ఉంటుంది. కనుక మొదటి రౌండ్ పోతే మీ లక్ష్యం నాలుగు గెలుపులు కాదు, అయిదు.

ఒక రౌండ్ మొదలు నుంచి చివరిదాకా

జతలు ప్రకటించగానే ఎదుటివాళ్ల అరీనా పేరు కనిపిస్తుంది. పేరు, హ్యాష్ గుర్తు, వెనక అంకెలు. ఒక్క అంకె తప్పినా చాలెంజ్ వేరెవరికో పోతుంది, కాపీ చేసి అతికించండి. చాలెంజ్ పంపేటప్పుడు టోర్నమెంట్ మ్యాచ్, మూడు ఆటలు అని ఎంచుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే మొదటి ఆటతోనే అయిపోయి, సైడ్‌బోర్డ్ మార్చుకునే వీలు పోతుంది. ఎదుటివాళ్లు రాకపోతే ఊరికే ఎదురుచూడకుండా డిస్కార్డ్‌లో రాయండి. ఎన్ని నిమిషాలు ఆగాలో నియమాల్లో ఉంటుంది, అది దాటగానే జడ్జిని పిలవండి. జడ్జిని పిలవడం ఫిర్యాదు చెయ్యడం కాదు, ఆయన ఉన్నదే అందుకు.

ఆటలో మీరు ఎక్కువసేపు ఆలోచిస్తే తెర మధ్యలో తాడు కాలడం మొదలవుతుంది. కంగారు పడి నొక్కేయకండి, కానీ అలవాటుగా దాన్ని కాల్చుకోకండి కూడా. ఎదుటివాళ్ల వంతులోనే మీ ఆలోచన సగం అయిపోవాలి. మీరు స్పందించాల్సిన చోట అరీనా దానంతటదే దాటేస్తోందనుకుంటే ఫుల్ కంట్రోల్ పెట్టుకోండి. పని అయ్యాక తీసెయ్యండి, లేకపోతే అడుగడుగునా ఆగుతుంది.

అయిపోగానే ఫలితం తెర ఫొటో తీసుకోండి. ఒకరు ఫలితం నమోదు చేస్తారు, రెండోవాళ్లు ఒప్పుకుంటారు. తప్పు పడితే వచ్చే రౌండ్ జతలు పడకముందే చెప్పాలి.

చివరి రౌండ్‌లో పైన ఉన్న ఇద్దరు డ్రా చేసుకుందామని మాట్లాడుకోవడం కనిపిస్తుంది. చెరో పాయింట్‌తో ఇద్దరూ లోపలికి వెళ్తామని లెక్క. ఊరికే ఒప్పుకుంటే నియమాలు అనుమతిస్తాయి. దానికి బదులుగా ప్యాకులో, డబ్బో, ఇంకేదో ఇస్తానంటే లంచం కిందకి వస్తుంది, పోటీ నుంచే తీసేస్తారు. అలాంటి మాట ఎవరైనా అంటే జవాబివ్వకుండా నేరుగా జడ్జికి చెప్పండి.

టాప్ 8లో స్విస్ ఉండదు. ఓడితే అంతే. స్విస్‌లో పైన ముగించినవాళ్లకి ఎవరు ముందు ఆడాలో ఎంచుకునే హక్కు ఉంటుంది, అది కూడా చాలెంజ్ సెట్టింగులో చూసుకోవాలి.

మా వాడు ఆ రాత్రి వరసగా అయిదు గెలిచాడు. 15 పాయింట్లు, ఐదో స్థానం. క్వార్టర్స్‌లో 1–2తో పోయింది. తెల్లవారుజాము ఐదింటికి వాట్సాప్‌లో సైడ్‌బోర్డ్ లిస్టు పంపాడు, రెండు కార్డులు మార్చి. కింద ఒకే లైను: “అత్తా, వచ్చే శనివారం కూడా 10:30కేనా?”

అమెరికాలో మర్నాడు గడియారాలు మారుతున్నాయి. 9:30కి రమ్మని జవాబిచ్చాను.